పదకొండు సోమవారాలు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ గడియారమ్మ అనేవాళ్లు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, ప్రొబేషన్ ఆఫీసు రిజిస్టర్లో ఉంది. ఆ రెండు చోట్లా తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. బాయిలర్ ముందు స్టూలు మీద కూర్చునేది. అరగంట అయ్యేసరికి ఎవరో భుజం తట్టినట్టు లేచేది. గాజుగొట్టంలో నీళ్లు రెండు ఎర్ర గీతల మధ్య ఎక్కడున్నాయో వంగి చూసేది, ప్రెషర్ ముల్లు చూసేది, పుస్తకంలో వేళ వేసి, రెండు అంకెలూ రాసి, పక్కన పొట్టి సంతకం గీకేది. అరగంటకి ఒక నిమిషం ముందూ కాదు, ఒక నిమిషం వెనకా కాదు. ఇస్త్రీ చేసేవాళ్లు ఆమె లేవడం చూసి చేతి గడియారాలు సరిచేసుకుంటారని ఒక ఎగతాళి. ఎగతాళే గానీ, ఇద్దరు నిజంగానే అలా చేసేవాళ్లు.

ఇంత పట్టింపు ఆమెకు పుట్టుకతో వచ్చిందనుకుంటే పొరపాటు. నాలుగేళ్ల కిందట ఆమె ఒక మందుల గోదాములో టీకాల ఫ్రిజ్ చూసుకునేది. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి చార్టులో రాయాలి. ఎప్పుడు చూసినా నాలుగు డిగ్రీలే. ఏడాదిపాటు నాలుగు రాసి రాసి విసుగెత్తి, ఒక సోమవారం పొద్దున వారం మొత్తానికీ నాలుగు, నాలుగు, నాలుగు అని నింపేసి చేతులు దులుపుకుంది. మంగళవారం ఫ్రిజ్ చెడిపోయింది. చార్టు మాత్రం శనివారం దాకా చల్లగానే ఉంది.

ఆ మందు నూట పన్నెండు మంది పిల్లలకు వేశారు. వేసినా వేయనట్టే. వాళ్లలో ఒక బాబుకు జబ్బు సోకి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కోర్టులో ఆ బాబు తల్లి ఈమెను ఒక్క మాట తిట్టలేదు. చార్టు చేతిలోకి తీసుకుని చూసి, "ఎంత గుండ్రంగా రాశావు" అంది. రెండేళ్ల శిక్ష చదివి వినిపించినప్పుడు ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చింది.

పది నెలలు లోపల ఉంది. తర్వాత మూడేళ్ల ప్రొబేషన్ మీద బయటికి వదిలారు. షరతు తప్పితే మిగిలిన పద్నాలుగు నెలలూ మళ్లీ లోపలే. బయటికి వచ్చిన రోజున తనకు తానే ఒక ఒట్టు పెట్టుకుంది: రేపటి అంకె ఇవాళ రాయకూడదు. రాయడమేమిటి, మనసులో కూడా అనుకోకూడదు. ఒట్టు మంచిదే. కానీ ముందుచూపు కూడా నేరమేనన్నట్టు దాన్ని మరీ బిగించింది. ఆ బిగింపే తర్వాత ఆమె కొంప ముంచబోయింది.

బాయిలర్ దగ్గర ఆమెకు పని నేర్పినాయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. ముప్ఫై రెండేళ్లుగా అదే బాయిలరు, అదే స్టూలు. అటెండెంటు లైసెన్సు ఆయన పేరిటే ఉంది. ఐదు నెలల కిందట ఆమె పనిలో చేరిన రోజున ఆమె కాగితాలు చూసి, "నువ్వేనా ఆ ఫ్రిజ్ అమ్మాయివి" అన్నాడు. అవునంది. "మంచిది. కాలిన చేయి జాగ్రత్తగా ఉంటుంది" అని పెన్ను ఇచ్చాడు. అంతే ఇంటర్వ్యూ.

ఆరింటి నుంచి రెండింటి దాకా ఆమెది. తొమ్మిది నుంచి ఐదింటి దాకా ఆయనది. ఇద్దరి పద్ధతులకూ పొంతన లేదు. ఆమె చూసింది చూసినట్టు పుస్తకంలో రాస్తుంది. ఆయనకు పుస్తకం అంటే కళ్లజోడు వెతుక్కోవాలి. అందుకని గోడకు వేలాడే పలక మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అంకెలు రాసుకుని, మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాక తీరిగ్గా కళ్లజోడు పెట్టుకుని అవన్నీ పుస్తకంలో ఆయన కోసం వదిలిన గడుల్లోకి ఎక్కించేవాడు. ఆ పద్ధతి ఆమెకు ఒళ్లు మంట. అయినా ముప్ఫై రెండేళ్ల మనిషికి ఏం చెబుతుంది? పలక మీద ఉన్నవి చూసి రాసిన అంకెలే కదా అని సర్దుకుంది.

సోమవారాలు మాత్రం ఆమెవి కావు. ప్రతి సోమవారం పదింటికి ప్రొబేషన్ ఆఫీసులో కనబడాలి. అందుకని తొమ్మిదిన్నరకి బాయిలర్ పెద్దాయనకు అప్పగించి వెళ్లి, పన్నెండున్నరకి తిరిగొచ్చేది. బస్సు డ్రైవరైన ఆమె బావ దాన్ని పుట్టిల్లు అనేవాడు. "సోమవారం వచ్చిందిగా, మరదలు పుట్టింటికి బయల్దేరింది. ఏం పెట్టి పంపిస్తారో ఏంటో" అనేవాడు.

అక్కడ పెట్టేది బెంచీ. ఆ ఆఫీసరును అక్కడికొచ్చేవాళ్లందరూ రిజిస్టర్ సారు అనేవాళ్లు. సంతకం పెట్టడానికి అరనిమిషం పడుతుంది. దానికి ఆయన రెండు గంటలు కూర్చోబెట్టేవాడు. పని ఎక్కువై కాదు. కూర్చోబెడితేనే బుద్ధి వస్తుందని ఆయన సిద్ధాంతం. మనిషి లంచగొండి కాదు, నోరు పారేసుకునే రకం కూడా కాదు. పాతికేళ్లుగా వచ్చినవాళ్ల తప్పులు లెక్కపెట్టడమే ఉద్యోగం కాబట్టి, ఎవరిని చూసినా ముందు తప్పే కనబడేది. రిజిస్టర్లో వచ్చిన వేళ, వెళ్లిన వేళ నిమిషాలతో సహా రాసేవాడు. ఆ పక్కన ప్రవర్తన అని ఒక గడి. "నా రిజిస్టర్ అబద్ధం చెప్పదు" అనేది ఆయన ఊతపదం.

పదకొండు వారాల కిందట ఆ ఆఫీసు గోడ మీద కొత్త కాగితం అంటించారు. ప్రొబేషన్ నిబంధనలు మారాయి. ఇన్నాళ్లూ తప్పులకే లెక్క, ఇకమీద పనికీ చదువుకీ కూడా లెక్క అని అందులో ఉంది. పని చేసిన గంట, చదువుకున్న గంట సమానం. పని గంటకు, ఇదివరకు చేసినదైనా సరే, పని చోటి పుస్తకంలో సొంత సంతకం చాలు; చదువు గంటకు కళ్లారా చూసినవాళ్ల సంతకం కావాలి. వెయ్యి గంటలు నిండినవాళ్లు తమ పనికి సంబంధించిన లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. ప్యాసయితే ప్రొబేషన్లో ఒక ఏడాది కోత. రిజిస్టర్ సారు ఆ కాగితం ముందు నిలబడి, తన ఇంట్లోకి ఎవరో చెప్పకుండా మంచం తెచ్చి వేసినట్టు చూశాడు.

గడియారమ్మ మాత్రం రెండుసార్లు చదివి, చక్కా వచ్చి పెద్దాయనకు చెప్పింది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంకో మూడు నెలలు దాటితే ఆయన రిటైరవుతాడు. లైసెన్సు ఉంటేనే ఆ స్టూలు ఆమెకు ఇస్తారు, లేకపోతే బయటినుంచి ఇంకెవరినో తెస్తారు. బాయిలర్ పరీక్ష ఏడాదికి ఒకటే. దరఖాస్తుకు ఇంకా పదకొండు వారాలుంది.

"నిండుతాయా పెద్దాయనా?"

"నిండుతాయి. లెక్క నేను చూసుకుంటాలే, నువ్వు చదువు" అని, అట్ట ఊడిపోయిన బాయిలర్ పుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

ఒట్టు పెట్టుకున్న మనిషి కదా, రాబోయే గంటలను కూడటం ఆమెకు సయించలేదు. లెక్క ఆయనకు వదిలేసి చదువులో పడింది. ఇంట్లో పొయ్యి దగ్గర చదివింది, బస్సులో చదివింది. అన్నిటికంటే బాగా చదువు సాగింది మాత్రం సోమవారం బెంచీ మీదే. ఎవరూ పిలవరు, ఏ పనీ చెప్పరు. మొదటి వారం పెదవులు కదుపుతూ చదువుతుంటే రిజిస్టర్ సారు తల ఎత్తాడు.

"ఏంటమ్మా అది?"

"బాయిలర్ పుస్తకం సార్. సేఫ్టీ వాల్వ్ పాఠం."

"ఇది లైబ్రరీ కాదు" అని, ప్రవర్తన గడిలో ఏదో గీకాడు. ఆమె పుస్తకం మూయలేదు, పెదవులు మూసింది. తర్వాత పది వారాలూ ఆయన తల ఎత్తడం, గడిలో గీకడం, ఆమె పేజీ తిప్పడం మామూలైపోయింది.

దరఖాస్తు పెట్టడానికి ఆఖరు రోజు శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంట. గంటలు లెక్క చూసి సంతకం చేయాల్సింది రిజిస్టర్ సారే. శుక్రవారం తొమ్మిదింటికి తనే లాండ్రీకి వస్తానన్నాడు. ఆ పుస్తకాలు తన కళ్లతో చూస్తే తప్ప నమ్మనన్నాడు.

గురువారం పొద్దున, రిజిస్టర్ సారు వచ్చేనాటికి పేజీలకు గుర్తు కాగితాలు పెడదామని గడియారమ్మ పుస్తకం వెనక్కి తిప్పింది. ఐదు నెలల్లో వెనక్కి తిప్పడం అదే మొదలు. ఒక సోమవారం పేజీ దగ్గర చేయి ఆగిపోయింది. పది గంటలు: నీళ్లు ఇంత, ప్రెషర్ ఇంత, పక్కన ఆమె పొట్టి సంతకం. పదిన్నర: ఆమె సంతకం. పదకొండు, పదకొండున్నర, పన్నెండు, పన్నెండున్నర. అక్షరం చివర తోక కాస్త వణికింది తప్ప అచ్చం ఆమె సంతకమే. ముందు సోమవారం చూసింది. ఆ ముందుది చూసింది.

పదకొండు సోమవారాలు, ఒక్కోదానికీ ఆరు. అరవై ఆరు దొంగ సంతకాలు.

తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చిన పెద్దాయన ముందు పుస్తకం తెరిచి పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకోకుండానే సంగతి గ్రహించాడు.

"లెక్క వేసి చూశానమ్మా. ఇరవై నాలుగు గంటలు తక్కువొస్తోంది. అదంతా ఆ సోమవారాల దండగ. నువ్వు చేయని తప్పుకి పరీక్ష పోవడమేంటని..."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకుంటావా నువ్వు?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు" అన్నాడు ఆయన. "అంకెలు నిజమే తల్లీ. ప్రతి అరగంటకీ నేను స్వయంగా చూశాను. పలక మీద రాశాను. సంతకం ఒక్కటేగా మారింది."

"ఫ్రిజ్ చార్టులో కూడా ఒక్క నాలుగేగా పెద్దాయనా."

ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టేశాడు.

"పైగా మీరు ఏ గంటలు ఎంచుకున్నారో చూడండి" అంది ఆమె, కోపంలో నవ్వు కూడా వచ్చేసింది. "సోమవారం పదింటికి నేనెక్కడుంటాను? రిజిస్టర్ సారు బెంచీ మీద. ఆయన పుస్తకంలో నిమిషాలతో సహా ఉంటుంది. రోజుకు ఎన్ని గంటలుంటే అన్నీ వదిలేసి, నన్ను ఒకేసారి రెండు చోట్ల కూర్చోబెట్టారు."

పెద్దాయన ముప్ఫై రెండేళ్లలో ఒక్క తప్పుడు అంకె రాయని మనిషి. అబద్ధం అలవాటున్నవాడైతే ఇంతకంటే తెలివిగా రాసేవాడు. పాపం, ఆమె ఏ గంటలు పోగొట్టుకుందో సరిగ్గా ఆ గంటలే తిరిగిద్దామనుకున్నాడు. ఆమెకు ఆయన మీద కోపం నిలవలేదు. భయం మాత్రం నిలిచే ఉంది. దొంగ రికార్డు కేసులో బయటికొచ్చిన మనిషి పేరు మీద మళ్లీ దొంగ రికార్డు. పరీక్ష సంగతి తర్వాత, పద్నాలుగు నెలలు కళ్ల ముందు కనబడ్డాయి.

సాయంత్రం ఇంట్లో విషయం చెబితే బావ తేలిగ్గా తీసేశాడు. "ఆయన చూసేది మొత్తం. ఏ వారం ఏ గంటో ఎవడు చూస్తాడు? నోరు మూసుకుని కూర్చుంటే రేపు మధ్యాహ్నానికి గట్టెక్కేస్తావు."

"చూస్తే బావా?"

"చూస్తే చూద్దాం."

అక్క బడిలో టీచరు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఇదంతా వింది. చెల్లెలు చేసిన పనికి బడిలో తనను ఎన్ని కళ్లు ఎలా చూశాయో ఆవిడ ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ చెల్లెల్ని ఇంట్లో పెట్టుకోవడానికి మొగుణ్ని అడగను కూడా అడగలేదు. చివరి పేపరు మీద మార్కులు వేసి, చేతిలో ఉన్న ఎర్ర పెన్ను మూత పెట్టి, బల్ల మీద చెల్లెలి వైపు జరిపింది.

"సిరా నిండుగా ఉంది" అంది.

బావ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "సరే, నేను బస్సు నడుపుకునేవాణ్ని, నాకేం తెలుసు" అని పేపర్లు దొంతర పెట్టడంలో పడ్డాడు. గడియారమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఏం చేయాలో తేలిపోయాక ఆమెకు నిద్ర కరువన్నది లేదు.

శుక్రవారం తొమ్మిదింటికి రిజిస్టర్ సారు చంకలో రిజిస్టరుతో బాయిలర్ గదిలోకి వచ్చాడు. ఆ గది వేడికి చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. లెక్క కాగితం మీద పెద్దాయన ముందే వేసిపెట్టిన మొత్తం ఉంది: ఇవాళ పదింటి దాకా కలిపితే వెయ్యి తొమ్మిది గంటలు.

"అది తప్పు సార్" అంది గడియారమ్మ. "ముందు మీకొకటి చూపించాలి."

పుస్తకం తెరిచి మొదటి సోమవారం చూపించింది. సంగతి మొత్తం చెప్పింది, ఎక్కడా తగ్గించలేదు, ఎక్కడా ఏడవలేదు. చెబుతూ చెబుతూ తొమ్మిదిన్నరకి లేచి నీళ్లు చూసి, అంకెలు రాసి వచ్చి, ఆపిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత ఎర్ర పెన్ను తీసి ఆ ఆరు సంతకాలూ కొట్టేసి, పక్కన 'ఈ సంతకం నాది కాదు' అని రాసి, కింద తన పూర్తి పేరు పెట్టింది. పేజీ తిప్పింది. మళ్లీ ఆరు. పదకొండు పేజీలూ అయ్యేదాకా రిజిస్టర్ సారు ఒక్కో కొట్టివేతనూ లెక్కపెట్టాడు. పెద్దాయన ప్రతి కొట్టివేత పక్కనా 'చూసింది నేను' అని రాసి తన సంతకం పెట్టుకుంటూ పోయాడు.

"దీన్ని రిజిస్టర్లో తప్పు కింద రాయాలి" అన్నాడు రిజిస్టర్ సారు చివరికి.

"నా మీద రాయండి" అన్నాడు పెద్దాయన.

"మీరు నా రిజిస్టర్లో లేరు."

"చేర్చుకోండి. వచ్చే నెలనుంచి నాకు సోమవారాలు ఖాళీయే."

రిజిస్టర్ సారుకు నవ్వు అలవాటు తక్కువ. దగ్గాడు. నిజం చెబుతోందో లేదో చూద్దామని తన రిజిస్టర్ తెరిచి, ఆమె పేజీ తీసి, సోమవారాలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ వెళ్లాడు. వచ్చిన వేళ సరిపోయింది. వెళ్లిన వేళ సరిపోయింది. ప్రవర్తన గడి దగ్గర ఆయన వేలు ఆగింది. అందులో ఆయన చేతి రాతే ఉంది. బెంచీ మీద పుస్తకం చదువుతోంది, హెచ్చరించాను. ఆ కింది వారం: బాయిలర్ పుస్తకం, మళ్లీ చదువుతోంది. ఆ కింద: చదువుతూనే ఉంది. పదకొండు వారాలూ అంతే. అన్నీ ఫిర్యాదులే.

ఆయన భుజం మీదుగా ఆమె కూడా చదివింది. తర్వాత, స్టూలు అడిగినంత మామూలుగా అడిగింది.

"చదివిన గంట పని చేసిన గంటతో సమానమని మీ గోడ మీద ఉంది కదా సార్. చూసినవాళ్లు సంతకం పెట్టాలని కూడా ఉంది."

"ఉంది."

"నేను చదవడం చూసింది మీరే."

పాతికేళ్లు తప్పులు లెక్కపెట్టిన మనిషి, తను తప్పులనుకుని రాసినవాటినే మళ్లీ పైనుంచి కిందికి చదువుకున్నాడు. కాదనడానికి వీల్లేదు. కాదంటే తన రిజిస్టర్ అబద్ధం చెప్పినట్టవుతుంది. దానికంటే ఉద్యోగం వదులుకోవడం ఆయనకు తేలిక. జేబులోంచి పెన్ను తీసి, వచ్చిన వేళకీ వెళ్లిన వేళకీ మధ్య నిమిషాలు కూడటం మొదలుపెట్టాడు. మధ్యలో ఆమె పదింటికి లేచి, నీళ్లు చూసి, ప్రెషర్ చూసి, పుస్తకంలో రాసి వచ్చింది.

"బెంచీ మీద ఇరవై రెండున్నర గంటలు" అన్నాడు. "బాయిలర్ దగ్గర, కొట్టేసినవి పోను, ఇప్పటి పదింటి సంతకంతో కలిపి తొమ్మిది వందల డెబ్బై ఆరు. మొత్తం తొమ్మిది వందల తొంభై ఎనిమిదిన్నర."

పెద్దాయన తల పట్టుకున్నాడు. "గంటన్నరేనా సార్. గంటన్నర కోసం ఏడాది..."

"వెయ్యి అంటే వెయ్యే" అన్నాడు రిజిస్టర్ సారు.

"అవును" అంది గడియారమ్మ. "వెయ్యి అంటే వెయ్యే. దరఖాస్తు ఒంటిగంట దాకా తీసుకుంటారు కదా సార్. ఇప్పుడు పదయింది. పదకొండున్నరకి నిండుతాయి. మీరు కూర్చుంటే సరిపోతుంది."

"ఎక్కడ?"

గోడ వారగా, ఉతకాల్సిన దుప్పట్ల మూటల పక్కన, ఒక చెక్క బెంచీ ఉంది. ఆమె దాని మీద దుమ్ము గుడ్డతో తుడిచింది. ఆయన బెంచీని చూశాడు, ఆమెను చూశాడు. ఆమె మొహంలో ఎకసెక్కమేమీ లేదు. పెద్దాయన మాత్రం పలక వైపు తిరిగి నిలబడ్డాడు, ఆయన భుజాలు కదులుతున్నాయి.

రిజిస్టర్ సారు కూర్చున్నాడు.

పాతికేళ్లలో ఆయన ఎవరికోసమూ గంటన్నర కూర్చున్న మనిషి కాదు. మొదటి పది నిమిషాలు గడియారం చూశాడు. తర్వాత కాళ్లు ఎటు పెట్టుకోవాలో తోచలేదు. తర్వాత సంచిలోంచి వార్తాపత్రిక తీసి మడత విప్పాడు.

"ఇది లైబ్రరీ కాదు సార్" అంది గడియారమ్మ, ముల్లు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఈసారి ఆయనకు దగ్గు అడ్డం రాలేదు, నవ్వే వచ్చింది. పత్రిక మడిచి పెట్టేసి ఆమె చేసే పని చూడటం మొదలుపెట్టాడు. పదిన్నరకి లేచింది. పదకొండుకి లేచింది. పదకొండూ పదికి ఇస్త్రీ గదినుంచి ఆవిరి చాలట్లేదని కేక వస్తే, ప్రెషర్ చూసి, చాలుతుందని, వాళ్ల వాల్వే సరిగ్గా తిప్పలేదని ఇక్కడినుంచే చెప్పింది. వాళ్లు తిప్పారు, చాలింది. చదువు పుస్తకంలోని ప్రశ్నలు ఆయనే రెండు అడిగాడు, మొదటి వారం బెంచీ మీద ఆమె గొణుగుతూ చదువుతుంటే చెవిన పడినవి. గాజుగొట్టంలో నీళ్లు కనబడకపోతే ముందు ఏం చేస్తావు? ముందు మంట ఆపుతాను సార్, నీళ్లు పొయ్యను, ఎండిన బాయిలర్లో చన్నీళ్లు పోస్తే పేలుతుంది. పెద్దాయన గర్వంగా బుర్ర ఊపాడు.

"వారానికోసారి నువ్వు పారిపోలేదని నేను రాసుకుంటాను" అన్నాడు రిజిస్టర్ సారు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇక్కడ అరగంటకోసారి నువ్వే రాస్తున్నావు." తర్వాత, "సోమవారం నువ్వు రావద్దులే. నేనే వస్తాను. బాయిలర్ వదిలి రావడం పద్ధతి కాదు" అన్నాడు.

"రండి సార్. బెంచీ ఉంటుంది."

పదకొండూ ఇరవై ఎనిమిదికి ఆయన లేచి నడుం నిమురుకున్నాడు. దరఖాస్తు బల్ల మీద పరిచాడు. బెంచీ మీది గంటల కింద సంతకం చేసేశాడు. పెద్దాయన తన గడి నింపేశాడు. ఇక మిగిలింది అంకెలు రాసే పుస్తకంలో ఆఖరి పద్దు. ముల్లు నిమిషం నుంచీ కదల్లేదు. నీళ్లు నిమిషం నుంచీ కదల్లేదు. రిజిస్టర్ సారు తన పెన్ను ఆమెకు అందించాడు.

"రాసెయ్యమ్మా. మళ్లీ ఆఫీసులో వరస ఉంటుంది. రెండు నిమిషాల్లో ఏం మారుతుంది?"

ఆయన మంచికే అన్నాడు. ఏమీ మారదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. గడియారమ్మకు ఒక తెల్ల చార్టు మీద గుండ్రంగా రాసిన నాలుగులు గుర్తొచ్చాయి. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసిన తల్లి గుర్తొచ్చింది. పెన్ను తీసుకుని, మూత తీయకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా రెండు నిమిషాలుంది సార్" అంది. "కూర్చోండి."

ఆయన వెళ్లి కూర్చున్నాడు.

పదకొండున్నర అయింది. ఆమె లేచి, వంగి గాజుగొట్టం చూసింది. ముల్లు చూసింది. అప్పుడు పెన్ను మూత తీసింది.